క్రైస్తవుడు సర్పంచ్‌గా నిలబడొచ్చా? నిలబడొచ్చు, ఏ సర్టిఫికెట్‌తో అన్నదే చిక్కు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రకాశం జిల్లాలో ఓ పల్లె. నీకు 29 ఏళ్లు. ఇంటర్ అయ్యాక బాప్తిస్మం తీసుకున్నావు. స్కూలు రికార్డులో మాత్రం ఎస్సీ మాదిగ, హిందూ అనే ఉంది. ఈసారి మీ పంచాయతీ ఎస్సీలకు రిజర్వ్ అవుతుందని ఊళ్లో అనుకుంటున్నారు. కుర్రాళ్లు నిన్ను నిలబడమంటున్నారు. పాస్టరుగారేమో 'రాజకీయం లోకసంబంధమైన పని, మనకొద్దు' అంటున్నారు. సంఘ పెద్దల్లో ఒకాయన అందుకు ఎదురు: 'నువ్వు నిలబడు, ఆదివారం ఆరాధనలో ప్రకటన చేయిద్దాం, మన ఓట్లు గుత్తగా పడతాయి' అన్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా గుంటూరు చుట్టుపక్కల కోర్టుల్లో వకీలుగా పనిచేశాను. పంచాయతీ ఎన్నికల పిటిషన్లు, కుల సర్టిఫికెట్ల తగాదాలే ఎక్కువ చూశాను. ఇంకోవైపు మా ఊరి సంఘంలో పన్నెండేళ్లు పెద్దగా ఉన్నాను. నల్లకోటు, కానుకల సంచి, రెండూ మోసినవాణ్ణి కాబట్టి కాస్త చనువుగా మాట్లాడతాను. పాస్టరుగారి మాటా పూర్తిగా వినొద్దు, ఆ పెద్దాయన మాట అసలే వినొద్దు.

ముందు పాస్టరుగారి అభ్యంతరం. ఇది తేలికది, తొందరగా తేల్చేస్తాను. యోసేపు ఫరో దగ్గర అధికారం చేశాడు. నెహెమ్యా పరాయి రాజు అనుమతి పత్రాలు పట్టుకొచ్చి గోడ కట్టించాడు. పౌలును కొరడాలతో కొట్టబోతే 'నేను రోమా పౌరుణ్ణి' అన్నాడు, చివరికి కైసరు దగ్గరికే అప్పీలుకు పోయాడు. వీళ్లెవరూ మెజారిటీ మనుషులు కారు. రాజకీయం మురికి అని మీ పాస్టరుగారు అంటే అది నిజమే. కానీ మాలపల్లెకు, మాదిగపల్లెకు మంచినీళ్ల పైపు రావాలో వద్దో తేలేది ఆ మురికిలోనే. ఆయన భయం వెనక ఇంకో కారణం ఉంటుంది. నువ్వు ఓడితే ఎదుటివాళ్ల కోపం మందిరం మీద పడుతుందేమోనన్న భయం. అది తీసిపారేసేది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక సర్టిఫికెట్. దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నీ తలకు చుట్టుకునేది ఇదే.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాళ్లను షెడ్యూల్డ్ కులంగా లెక్కించరాదు అని దాని సారాంశం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. 1985లో సూసై అనే చెప్పులు కుట్టే ఆయన కేసులో సుప్రీంకోర్టు ఈ పేరాను కొట్టివేయడానికి ఒప్పుకోలేదు. మతం మారాక కూడా అదే తీరు వెనుకబాటు ఉందని రుజువు చూపాలంది. 2004 నుంచి ఇంకో కేసు సుప్రీంకోర్టులో నానుతూ ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతానికీ ఎస్సీ హోదాకీ ముడి తీసేయమని సిఫార్సు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. తీర్మానాలు పోతూనే ఉన్నాయి, మూడో పేరా ఉన్నచోటే ఉంది.

నా అభిప్రాయం దాచుకోను. ఈ పేరా అన్యాయం. బాప్తిస్మపు నీళ్లలో పాపం పోతుందేమో గానీ కులం పోలేదని మన పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. 1985లో కారంచేడులో చంపిన వాళ్లను, 1991లో చుండూరులో నరికి కాలువలో పడేసిన వాళ్లను ఎవరూ 'నీ మతం ఏమిటి' అని అడగలేదు. ఆ రెండు ఊళ్ల పల్లెల్లోనూ మందిరాలున్నాయి, ఆదివారాలు పాటలు వినిపిస్తాయి. కత్తికి పట్టని మతం ఉత్తర్వుకు పట్టింది.

అన్యాయం అనుకుంటే దాని మీద పోరాడాలి. అంతేగానీ దాన్ని పక్కనబెట్టి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే మునిగేది నువ్వే. నువ్వు ఎస్సీ రిజర్వుడు సీటులో నామినేషన్ వేస్తే మొదట ఏమీ జరగదు. చేతిలో తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే రిటర్నింగ్ అధికారి సాధారణంగా దాన్నే చూస్తాడు, పరిశీలనలో గట్టెక్కుతావు. గెలిచావనుకో. వారం తిరక్కుండా ఓడినవాడు రెండు దారులు పడతాడు. ఒకటి, ఎన్నికల ట్రిబ్యునల్లో పిటిషన్. రెండు, 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు. ఆ చట్టం కింద విచారణ జరిపి సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. తప్పుడు సర్టిఫికెట్ అని తేలితే పదవి పోవడమే కాదు, క్రిమినల్ కేసు కూడా.

విచారణలో ఏం చూస్తారో తెలుసా? మీ సంఘం బాప్తిస్మపు రిజిస్టరు. నీ పెళ్లి మందిరంలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద అయితే ఆ సర్టిఫికెట్. పెళ్లి ఫోటోలు. యూట్యూబులో మీ సంఘం పెట్టిన వీడియోలో నువ్వు విశ్వాసంలోకి ఎలా వచ్చావో సాక్ష్యం చెబుతున్న ముక్క. నేను చూసిన ఓ కేసులో అభ్యర్థి తండ్రి సమాధి మీద ఉన్న సిలువ ఫోటోను కూడా తెచ్చి ఎగ్జిబిట్‌గా వేశారు. ఆ పిటిషన్ వేసింది వేరే కులంవాళ్లు కూడా కాదు, అదే పల్లెలో అవతలి వీధి మనిషి. మాల మాదిగల మధ్య, ఈ సంఘానికీ ఆ సంఘానికీ మధ్య ఉన్న పాత కక్షలు ఇలాంటప్పుడు చక్కగా పనికొస్తాయి.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో ఇచ్చిన తీర్పు చదువు. పుదుచ్చేరిలో గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన అమ్మాయి. బాప్తిస్మం ఉంది, క్రమంగా చర్చికి వెళుతోంది. అయినా నేను హిందువునే అంది. కేవలం రిజర్వేషన్ కోసం అలా చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని కోర్టు తేల్చింది. 2025 ఏప్రిల్ 30న మన రాష్ట్ర హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న ఒకాయన పెట్టిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసును కొట్టేస్తూ, క్రైస్తవుడిగా జీవిస్తున్న మనిషికి ఆ చట్టం రక్షణ వర్తించదంది. సర్టిఫికెట్ ఇంకా రద్దు కాకపోయినా సరే, చేతిలో ఉంది గదా అని ఆ చట్టం వాడుకోవడానికి లేదని కూడా చెప్పింది.

మరో వైపూ చెప్పాలి, లేకపోతే నేను భయపెట్టినట్టవుతుంది. కేరళలో దేవికుళం ఎస్సీ సీటులో గెలిచిన ఎమ్మెల్యే ఎ. రాజా క్రైస్తవుడని, ఆయన ఎన్నికను 2023 మార్చిలో హైకోర్టు రద్దు చేసింది. సంఘం రిజిస్టర్లు, పెళ్లి ఫోటోలు అన్నీ అందులో సాక్ష్యాలే. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసి ఆయన్ను నిలబెట్టింది. అదే రాష్ట్రంలో ఎంపీ కొడికున్నిల్ సురేష్ ఎన్నికకూ ఇదే గతి పట్టి, 2011లో సుప్రీంకోర్టులో బయటపడ్డాడు. ఆయన తల్లిదండ్రులు మతం మారినవాళ్లు, ఆయన తిరిగి హిందువయ్యాడు. మన గుంటూరు మెడికల్ కాలేజీలో ఎస్సీ కోటా సీటు మీద 1976లో వచ్చిన తీర్పు కూడా ఇలాంటిదే. తిరిగి హిందూ మతంలోకి వచ్చినవాణ్ణి అతని కులంవాళ్లు కులంలోకి అంగీకరిస్తే పాత హోదా మళ్లీ వస్తుందని. ఈ కేసుల్లో గెలిచినవాళ్లందరూ 'నేను హిందువును' అని కోర్టులో గట్టిగా నిలబడి చెప్పినవాళ్లు. నువ్వు చెప్పగలవా? ఆదివారం మైకులో 'ప్రైజ్ ద లార్డ్' అని, సోమవారం సాక్షి బోనులో 'నేను హిందువును' అనగలవా? అనగలిగితే అది నీకూ దేవుడికీ మధ్య సంగతి. అనలేకపోతే ఎస్సీ సీటు జోలికి పోవద్దు.

పల్లెల్లో చాలామందికి రెండు పేర్లుంటాయి. రికార్డులో వెంకటేశ్వర్లు, సంఘంలో దానియేలు. నాకు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. అసలు దానియేలుకే బబులోనులో బెల్తెషాజరు అని ఇంకో పేరు పెట్టారు. పేరు రెండైనా ఆయన కిటికీ తెరిచే ప్రార్థన చేశాడు. మనవాళ్లు కిటికీ మూసుకోవాల్సి వస్తోంది.

మరి దారేది? ఉంది. చాలామంది క్రైస్తవులకే తెలియని దారి. 1970లో అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి అని విడదీసింది. అందులో 'సి' అంటే షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల సంతానం. చదువుల్లో, ఉద్యోగాల్లో దానికి 1 శాతం. ఒక్క శాతమా అని అందరూ మూతి విరుస్తారు, నిజమే, అది ముష్టి. కానీ స్థానిక సంస్థల్లో బీసీలకు కేటాయించే సీట్లలో బీసీ-సి మనిషీ బీసీయే. మీ పంచాయతీ బీసీ జనరల్ అయితే బీసీ-సి సర్టిఫికెట్‌తో తలెత్తుకుని పోటీ చేయొచ్చు. జనరల్ సీటయితే ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఎస్సీకి రిజర్వ్ అయితే మాత్రం ఈసారి ఆగాలి, లేదా వార్డు మెంబరుగా జనరల్ వార్డు చూసుకోవాలి. ఎమ్మెల్యే సీటుకొస్తే బీసీ రిజర్వేషనే లేదు. 175లో 29 ఎస్సీ సీట్లు, 7 ఎస్టీ సీట్లు, మిగతావి జనరల్. తెలంగాణలోనూ లెక్క ఇదే తీరు, 119లో 19, 12.

ఎస్టీల సంగతి వేరు. వాళ్ల ఉత్తర్వులో మతం ప్రస్తావనే లేదు. పాడేరు, అరకు వైపు గిరిజన క్రైస్తవుడు మందిరానికి వెళ్తూనే ఎస్టీ సీటులో నిలబడొచ్చు. అక్కడ పనిచేసే మా బంధువొకడు 'మీకంటే మాకే నయం మామయ్యా' అంటుంటాడు. రెడ్డి, కమ్మ క్రైస్తవులకు ఈ తిప్పలే లేవు. రాజశేఖరరెడ్డిగారి కుటుంబం ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చింది, ఎక్కడా కుల సర్టిఫికెట్ చూపాల్సిన పని పడలేదు. క్రైస్తవుడు రాజకీయాల్లోకి రావడం కష్టం అని మనం అంటాం గానీ, నిజానికి కష్టమంతా దళిత క్రైస్తవుడిదే.

ఈ చిక్కు ఎక్కడ మొదలైందో కాస్త వెనక్కి చూద్దాం. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో 215 సీట్లుంటే భారతీయ క్రైస్తవులకు విడిగా 8 సీట్లు ఉండేవి. క్రైస్తవులు క్రైస్తవులకే ఓటు వేసే పద్ధతి. మన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యగారు దాన్ని వ్యతిరేకించారు. విడి నియోజకవర్గాలు సంఘాన్ని ఒక కులంగా మార్చేస్తాయని ఆయన భయం. రాజ్యాంగ సభలో హెచ్.సి. ముఖర్జీ ఉపాధ్యక్షుడు, బెంగాలీ క్రైస్తవుడు. 1949లో మతాలవారీ రిజర్వుడు సీట్లు వద్దని తేల్చినప్పుడు ఆయన ముందుండి నడిపించాడు. ఆ నాయకులను నేను గౌరవిస్తాను. జనాభాలో నూటికి ఇద్దరు ముగ్గురు ఉన్నవాళ్లు కంచె వేసుకుని కూర్చుంటే ఊరితో తెగిపోతారన్నది సత్యం. కానీ వాళ్లలో ఎక్కువమంది చదువుకున్న, పట్నవాసపు పెద్దమనుషులు. మరుసటి ఏడే మూడో పేరా వచ్చింది. వాళ్లు వదులుకున్నదానికి బిల్లు కట్టింది పల్లెల్లో ఉన్న మన తాతలు. ఆంగ్లో ఇండియన్లకు మాత్రం నామినేటెడ్ సీట్లు 2020 జనవరి దాకా నడిచాయి. మన గుర్రం జాషువాగారు శాసన మండలికి వచ్చింది కూడా నామినేషన్ మీదే, 1964లో. పద్యం పెద్దమనిషిని చేసింది గానీ ఓటు పెట్టెదాకా ఆయన్ను ఎవరూ తీసుకుపోలేదు.

ఇప్పుడు మీ పెద్దాయన సలహా. 'ఆదివారం ఆరాధనలో ప్రకటన.' దీని గురించి కోపం ఆపుకుని రాస్తున్నాను.

చట్టం ముందు. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం అని ఒకటుంది. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ ప్రచారానికి వాడినా, కానుకల డబ్బు పార్టీకి ఇచ్చినా నేరం. ఐదేళ్ల వరకు జైలు, పది వేల వరకు జరిమానా. ఇది గుళ్లకు, మసీదులకు, మందిరాలకు అందరికీ ఒకటే. ఎన్నికల నియమావళి కూడా ఇదే చెబుతుంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల చట్టంలో 123వ సెక్షన్ మతం పేరు మీద ఓటు అడగడాన్ని అవినీతి చర్య అంటుంది. 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల బెంచి దాన్ని ఇంకా బిగించింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు మీద అడిగినా ఎన్నిక చెల్లదంది. అదే సెక్షన్లో పాస్టర్లు తప్పక చదవాల్సిన ముక్క ఒకటుంది. ఫలానావాడికి ఓటు వేయకపోతే దైవ ఆగ్రహానికి గురవుతావు అని ఓటరును నమ్మిస్తే అది అనుచిత ప్రభావం. పంచాయతీ చట్టంలోనూ ఇలాంటి నిషేధాలే ఉన్నాయి. 'దేవుడు ఈ బిడ్డను లేపాడు, కాదన్నవాళ్లు దేవుణ్ణి కాదన్నట్టే' అని మన పాస్టర్లు ఎంత సులువుగా అనేస్తారో నీకు తెలుసు. ఫోనులో రికార్డ్ చేసేవాడు మూడో వరసలోనే కూర్చుని ఉంటాడు. ఇంకోటి, మీ సంఘానికి బయటి దేశాల నుంచి డబ్బు వస్తుంటే అందులోంచి ఒక్క రూపాయి కూడా నీ ఎన్నికకు తగలనీయకు. విదేశీ విరాళాల చట్టం అభ్యర్థిని సూటిగా నిషేధిస్తుంది.

చట్టం పక్కనబెట్టి మా సంఘంలో జరిగింది చెబుతాను. చాలా ఏళ్ల కిందట అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి ఆదివారం ఆరాధనకొచ్చాడు. పెద్దలం మేమే మైకు ఇచ్చాం, నాకూ ఆ పాపంలో భాగముంది. మందిరానికి ప్రహరీ కట్టిస్తానన్నాడు. మా స్త్రీల సమాజంలో చురుగ్గా ఉండే ఒక అమ్మ అవతలి పార్టీ కార్యకర్త తల్లి. ఆమె లేచి వెళ్లిపోయింది. ఆ వారం ఆమె వెంట ఆరు కుటుంబాలు పోయాయి. క్రిస్మస్ నాటికి ఎదురు బజార్లో రేకుల షెడ్డులో రెండో సంఘం లేచింది. ప్రహరీ మూడు వైపులే లేచింది, నాలుగో వైపుకు సిమెంటు రాలేదు. ఇప్పటికీ గేదెలు అటే వస్తాయి. పాటల పుస్తకం ఒకటే, పల్లె ఒకటే, ప్రభువు భోజనపు బల్లలు మాత్రం రెండు.

పార్టీలకు పాస్టర్ ఎందుకు కావాలో గ్రహించు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 11,29,784 మంది, అంటే నూటికి 1.34. పల్లె పల్లెకూ మందిరాలు చూసినవాడెవడూ ఈ అంకె నమ్మడు. మూడో పేరా భయంతో లెక్కలవాడికి హిందూ అని చెప్పినవాళ్లు ఎందరో. కాగితం మీద కనపడని జనంతో నేరుగా బేరమాడలేరు గనక పార్టీలు మధ్యవర్తిని వెతుక్కుంటాయి. ఎన్నికల ముందు 'పాస్టర్ల ఆత్మీయ సమావేశం', బిర్యానీ, ఒక కవరు. విశ్వాసి ఓటు విశ్వాసికి తెలియకుండానే లెక్కలోకి ఎక్కేస్తుంది. ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం మొదలుపెట్టినప్పుడు నేను సంతోషించలేదు, కొందరు నన్ను తిట్టారు కూడా. పేద పాస్టరుకు ఆ డబ్బు అవసరమే, కాదనను. అదే దరఖాస్తు రేపు అతని ఎస్సీ సర్టిఫికెట్‌కు ఎదురు సాక్ష్యం అవుతుందని ఎంతమంది ఆలోచించారు?

సంఘం ఎన్నికల్లో ఏం చేయొచ్చో చూడాలంటే మిజోరం చూడు. అక్కడ నూటికి 87 మంది క్రైస్తవులే. అయినా చర్చిలు ఎవరికి ఓటు వేయాలో చెప్పవు. మిజోరం పీపుల్స్ ఫోరం అని పెట్టి, పార్టీలన్నిటినీ కూర్చోబెట్టి, విందులు, డబ్బు పంపకాలు వద్దని ఒప్పందం రాయించుకుంటాయి. అంత బలం ఉన్నవాళ్లే మైకు ఇవ్వకపోతే, నూటికి ఒకరో ఇద్దరో ఉన్న మనం ఇవ్వడమేమిటి? మీ పాస్టరుగారిని ఒక్క పని అడుగు. ఓటుకు డబ్బు తీసుకోవద్దని ఒక్క ఆదివారం బోధించమను. అందులో నీ పేరు రాకూడదు. అది చేయగలిగితే ఆయన నీకు చేసిన పెద్ద సాయం అదే.

నీ లెక్క నువ్వు వేసుకో. మీ ఊళ్లో 1,800 ఓట్లున్నాయన్నావు, సంఘంలో 140. ఆ 140 మొత్తం పడ్డా డిపాజిట్ గురించి ఆలోచించాలి. మిగతా 1,660 ఓట్లలోంచే నీ గెలుపు రావాలి. 'క్రైస్తవుల అభ్యర్థి' అన్న ముద్ర పడిన మరుక్షణం అవి నీకు దూరం. అవతలివాడు ఆ ముద్ర వేయడానికే చూస్తుంటాడు, నువ్వే ఆరాధనలో ప్రకటన చేయించి స్టాంపు చేతికి ఇవ్వకు. పంచాయతీకి పార్టీ గుర్తులు ఉండవు, అదొక్కటి నీకు మేలు.

అందుకే నామినేషన్ కంటే ముందు రెండేళ్లు ఊరి పని చెయ్యి. రామాలయం వీధిలో కూడా పింఛను ఆగిన ముసలమ్మ ఉంటుంది. ఆమెను సచివాలయానికి బండి మీద తీసుకెళ్లు. బోరు చెడితే మెకానిక్కును పట్టుకురా.

గుడి సంగతి తప్పకుండా వస్తుంది. సర్పంచ్ అంటే శ్రీరామనవమి పందిరి దగ్గర నిలబడాలి, గ్రామ దేవత కొలుపుకు నీళ్ల ట్యాంకరు పెట్టించాలి, లైట్లు వేయించాలి. అది పంచాయతీ పని, ఊరి డబ్బుతో ఊరికి చేసేది, దానికి ఏ మనస్సాక్షీ అడ్డు రాదు. కొబ్బరికాయ కొట్టమంటే? కొందరు కొడతారు, కొందరు కొట్టరు. నేను తీర్పు చెప్పను. కానీ నువ్వు కొట్టేది లేదనుకుంటే ఆ మాట ఎన్నికకు ముందే గుడి కమిటీ పెద్దకు వెళ్లి చెప్పు. 'మామా, పందిరికి రాటలు నేను పాతిస్తాను, దగ్గరుండి చూసుకుంటాను, కాయ మాత్రం నువ్వు కొట్టాలి' అను. ముందు చెప్పినవాణ్ణి పల్లెటూరు గౌరవిస్తుంది. గెలిచాక పందిట్లో వెనక్కి తగ్గినవాణ్ణి క్షమించదు. మా పక్క ఊళ్లో ఒక క్రైస్తవ సర్పంచ్ అమ్మ ఇలాగే చెప్పి రెండుసార్లు గెలిచింది. కొలుపు రోజు తెల్లవారుజామున ఊరందరికంటే ముందు వచ్చి చీపురు పట్టుకునేది ఆమే.

మీ పాస్టరుగారి భయం దగ్గరికి వస్తాను. ఓడితే మందిరం మీద పడతారని. అసలు మందిరానికీ సమాధులకూ రక్షణ ఎక్కడుంది? పంచాయతీ తీర్మానాల పుస్తకంలో. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ దగ్గర ఛింద్‌వాడ అనే ఊళ్లో 2025 జనవరిలో ఒక పాస్టర్ చనిపోతే ఊరి శ్మశానంలో పాతిపెట్టనివ్వలేదు. శవం మూడు వారాలు మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. జనవరి 27న ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా చెప్పి, చివరికి వేరే ఊరి దగ్గరున్న క్రైస్తవుల శ్మశానానికి పంపారు. ఆ ఊళ్లో క్రైస్తవులకు స్థలం నోటిమాటగా ఇచ్చిందే తప్ప కాగితం లేదు. మీ ఊళ్లో సమాధుల దొడ్డికి సర్వే నెంబరు ఉందా? పంచాయతీ రికార్డులోకి ఎక్కిందా? ఎక్కకపోతే, నువ్వు వార్డు మెంబరువైనా చాలు, ఆ ఒక్క తీర్మానం పెట్టించు. అందులో ముస్లింల ఖబరస్తాన్, హిందువుల శ్మశానం దారి కూడా కలిపి పెట్టు, ఎవరూ కాదనరు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మీ సంఘం బాప్తిస్మపు రిజిస్టరులో నీ పేరు ఏ తారీకున, ఏ పేరుతో, ఎవరి సంతకంతో ఉందో చూసుకో. పెళ్లి సర్టిఫికెట్ తీసి ఏ చట్టం కింద అయిందో చదువు. తహసీల్దారు ఆఫీసులో బీసీ-సి సర్టిఫికెట్‌కు ఏమేం జతచేయాలో అడుగు. అక్కడి గుమాస్తా 'ఎస్సీ ఉండగా ఇదెందుకయ్యా' అని నవ్వుతాడు, నవ్వనీ. బీసీ-సి తీసుకున్నాక పాత ఎస్సీ సర్టిఫికెట్ మీద వచ్చిన స్కాలర్‌షిప్పుల గతేమిటి, చెల్లెలి ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందా అన్న ప్రశ్న నీకు వెంటనే వస్తుంది. ఒకే ఇంట్లో ఒక్కొక్కరి విశ్వాసం ఒక్కో తీరుగా ఉండొచ్చు, ఎవరి కేసు వాళ్లదే. కానీ అమ్మానాన్నలు ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారన్నది అందరికీ తగులుతుంది. అందుకే నువ్వొక్కడివే నిర్ణయం తీసుకోకు. అమ్మను, నాన్నను, చెల్లెల్ని కూర్చోబెట్టి ఆ రిజిస్టరు ముందు పెట్టుకుని మాట్లాడండి. తారీకులు రాసుకుని మళ్లీ రాయి, మిగతాది అప్పుడు చెబుతాను.